లంకలో వీఆర్ గేమ్: పిల్లల సాహస నవలలో ప్రమాదం నిజంగా ప్రమాదంలా అనిపించాలంటే

ముందు మీ ప్రశ్నని రెండు ముక్కల్లో చెబుతాను, తరవాత చదివేవాళ్ళకి కూడా అర్థమవుతుంది. పది పన్నెండేళ్ళ పిల్లల కోసం సైన్స్ ఫిక్షన్ నవల రాస్తున్నారు. కోనసీమలో ఒక లంక గ్రామం, అంటే గోదావరి పాయల మధ్య దీవిలాంటి ఊరు. ఆరో తరగతి అక్క, నాలుగో తరగతి తమ్ముడు. మేనమామ తెచ్చిన వీఆర్ (వర్చువల్ రియాలిటీ, అంటే కళ్ళ ముందు ఇంకో లోకం చూపించే) హెడ్‌సెట్ పెట్టుకుంటే గోదావరి మీద సాగే గేమ్ తెరుచుకుంటుంది, అందులో ఒక రాక్షస మొసలి వెంటపడుతుంది. మూడు అధ్యాయాలయ్యాక కథ కదలడం లేదు. చదివించి చూస్తే ఒక పాప "చచ్చిపోతే మళ్ళీ మొదట్నుంచీ ఆడుకోవచ్చు కదా, భయమెందుకు?" అని అడిగింది. ఆ భయం ఎలా తేవాలన్నది మీ ప్రశ్న.

ఆ పాప వేలు పెట్టిన చోటే తెగులుంది. మొసలిని తాటిచెట్టంత చేసినా ఆ ప్రశ్న అలాగే ఉంటుంది. "హెడ్‌సెట్ తియ్యడానికి రావడం లేదు" అని రాస్తే కూడా పిల్లలు నమ్మరు, తలకున్న పట్టీ లాగితే వచ్చేస్తుందని వాళ్ళకి తెలుసు. గేమ్‌లో ప్రాణాలు పోవడాన్ని పక్కన పెట్టండి. గేమ్‌కి తెలియనిది ఒకటి పిల్లలకి తెలిసి ఉండాలి, పిల్లలకి తెలియనిది ఒకటి గేమ్‌కి తెలిసి ఉండాలి. ఆ రెండూ కలిస్తే తప్ప తీరని అవసరం ఒకటి గేమ్ బయట, నిజం ఊళ్ళో ఉండాలి. మీ కథకి డెల్టా ఊరికే అందమైన నేపథ్యంగా మిగిలిపోయింది. ఈ లెక్కలో పడితే అదే కథని నడుపుతుంది.

ముందు ఒక చిన్న దిద్దుబాటు. నాలుగో తరగతి తమ్ముడంటే తొమ్మిదేళ్ళు. మెటా కంపెనీ క్వెస్ట్ హెడ్‌సెట్లకి 2023లో వయసు పరిమితిని 13 నుంచి 10కి దించింది, అది కూడా తల్లిదండ్రుల అజమాయిషీలో ఉండే ఖాతాతోనే. సోనీ ప్లేస్టేషన్ వీఆర్2కి 12 ఏళ్ళు నిండాలి. పిల్లల పుస్తకంలో ఇది చూసీచూడనట్టు వదిలేసే విషయం కాదు, చదివినవాళ్ళు అలాగే చేస్తారు. అక్కని ఏడో తరగతికీ తమ్ముణ్ణి అయిదుకీ జరపండి. పక్కన ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టండి, ఎవరన్నది కింద చెబుతాను. ఇంకో సంగతి, పెద్దల కళ్ళ మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు, పిల్లలకి ఇంకా తక్కువ. క్వెస్ట్ 2లో లెన్సుల్ని ఎంత దగ్గరకి జరిపినా 58 దగ్గర ఆగిపోతాయి. అందుకే తమ్ముడికి బొమ్మ అంచుల్లో అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది, కళ్ళు తొందరగా అలిసిపోతాయి. ఎక్కువసేపు ఆడేది అక్కే కావడానికి ఇది మంచి కారణం.

ఇక హెడ్‌సెట్ ఏం చేయగలదు, ఏం చేయలేదు. మీ మూడో అధ్యాయంలో అక్క గెడ వేసి పడవ నడుపుతుంది, "బురద వాసన ముక్కుకి తగిలింది, గెడ బరువుకి భుజాలు లాగేశాయి" అని రాశారు. ఆ రెండూ జరగవు. 1962లో పేటెంట్ పొందిన సెన్సోరామా అనే పెట్టెలో గాలీ వాసనా వచ్చే ఏర్పాటుండేది గానీ, ఇళ్ళలోకి వచ్చిన హెడ్‌సెట్లలో వాసన లేదు, తడి లేదు, బరువు లేదు. ఉన్నవి చూపు, శబ్దం, అరచేతిలో కంట్రోలర్ (గేమ్ ఆడడానికి చేత్తో పట్టుకునే మీటల పరికరం) వణుకు. ఈ లోటుని కప్పిపుచ్చకుండా రాస్తేనే దృశ్యం పండుతుంది. ఇలా చూడండి:

"అక్క గెడ దించింది. కొన నీళ్ళలోకి దిగి, అడుగున బురద మేఘంలా లేచింది. చేతిలో కంట్రోలర్ జుయ్యిమంది. ఇంకా నొక్కింది. గెడ ఆగిపోయింది. చెయ్యి ఆగలేదు. కళ్ళ ముందు చేతులు గెడని పట్టుకునే ఉన్నాయి, తన చేతులు మాత్రం మోకాళ్ళ దాకా కిందికి వచ్చేశాయి. తాత గెడ వేసేటప్పుడు బురద దాన్ని పట్టుకుని లాగుతుంది, వదిలించుకోడానికి ఒకసారి మెలితిప్పాలి. ఇక్కడ ఎవరూ లాగడం లేదు."

చివరి రెండు వాక్యాల్లో ఆ పిల్లకి నిజం గోదావరి తెలుసని చదివేవాడికి తెలిసిపోతుంది. గేమ్‌కి అది తెలియదనీ తెలిసిపోతుంది. వేరే వివరణ అక్కర్లేదు.

దీన్నే నవల మొత్తానికీ ఒక నియమంగా పెట్టుకోండి. గేమ్ లోపల నడిచే వాక్యాల్లో కంటికీ చెవికీ సంబంధించిన మాటలే వాడండి. వాసన, చెమట, గచ్చు చల్లదనం, నాలుక మీద ఉప్పు, ఇవన్నీ గది వైపు వాక్యాల్లోనే రావాలి. అలా రాస్తే "ఇప్పుడు గేమ్‌లో", "ఇప్పుడు గదిలో" అని ప్రతిసారీ చెప్పక్కర్లేదు, కొబ్బరి పీచు కాలుతున్న వాసన వచ్చిందంటే గదిలో ఉన్నట్టే. పిల్లలు దీన్ని రెండో అధ్యాయానికే పట్టేస్తారు. ఆ తరవాత ఎక్కడో ఒక్కచోట, ఒక్కసారి, గేమ్ లోపల వాక్యంలోకి వాసన రానివ్వండి. వాళ్ళు ఉలిక్కిపడతారు.

వల విసిరే దృశ్యం కూడా మార్చాలి. హెడ్‌సెట్ ముందు వైపునా పక్కలా ఉన్న కెమెరాలు కంట్రోలర్లని చూస్తుంటాయి. విసురు వలకి చెయ్యి భుజం వెనక్కి పోవాలి. అక్కడికి పోగానే కెమెరాలకి కనపడదు. కంట్రోలర్ లోపలున్న కదలిక సెన్సర్ల లెక్కతో గేమ్ కాసేపు ఊహించుకుంటుంది, ఆ ఊహ క్షణాల్లో దారి తప్పుతుంది. వల తమ్ముడు విసిరిన వైపు కాకుండా పక్కకి పోతుంది. వాడు చేతగానివాడు కాదు, నిజంగా విసరడం వచ్చినవాడు కాబట్టే వాడికి పడలేదు. అసలు వల ముట్టుకోని పట్నం పిల్లాడైతే చెయ్యి ముందుకే ఊపి గురిగా వేసేస్తాడు. ఈ ఒక్క సంగతితో ఒక అధ్యాయం నడుస్తుంది.

పడవ గురించి. వీఆర్‌లో కడుపు తిప్పేవాటిలో ఊగే పడవ ముందుంటుంది. కళ్ళు కదులుతున్నామంటాయి, లోపలి చెవి కూర్చునే ఉన్నామంటుంది. ముందు ఆవలింతలు, తరవాత నోట్లో నీళ్ళూరడం, నుదుటి మీద చల్లటి చెమట, ఆ తరవాత వాంతి. ఆ వరసలోనే రాయండి, మొదటి గుర్తు కనిపించినప్పుడే హెడ్‌సెట్ తీసేసి దూరంగా చూడాలని కూడా రాయండి. ఓర్చుకుని ఆడుతూ పోతే అలవాటు కాదు, ఇంకా ముదురుతుంది. గేమ్ చేసేవాళ్ళు దీనికి కొన్ని ఉపాయాలు వాడతారు. పడవ అంచు ఎప్పుడూ చూపులో ఉండేలా చేస్తారు, వేగం పెంచడం తగ్గించడం లేకుండా ఒకే తీరున పోనిస్తారు, కదిలేటప్పుడు చూపు అంచుల్ని నల్లగా చేస్తారు, ఒంటిని తిప్పడం 30 లేక 45 డిగ్రీల చొప్పున ఒక్క ఉదుటున తిప్పేస్తారు. నేల మీదైతే కంట్రోలర్‌తో చోటు చూపించి అక్కడికి గెంతేయడమే. మీ కథలో అక్క లంక చుట్టూ పరిగెత్తడం బదులు ఇలా గెంతితే వేగమూ వస్తుంది, అడుగులు వేయకుండా ఊరు దాటడం అనే వింతా వస్తుంది. బొమ్మ సెకనుకి 72 లేదా 90 సార్లు మారుతుంటుంది, 90 అంటే ఒక్కో బొమ్మకి 11 మిల్లీసెకన్లు. తల తిప్పాక బొమ్మ రావడానికి 20 మిల్లీసెకన్లు దాటితే ఆ ఆలస్యం తెలిసిపోతుంది. గేమ్ మీద భారం పెరిగే చోట, అంటే మడ అడవిలో వేల ఆకులు ఒక్కసారి కనిపించే చోట, బొమ్మ తడబడుతుంది. రాబోయే ఇబ్బందికి అది మంచి సూచన.

గది సంగతి మీరు పూర్తిగా వదిలేశారు. సగం సాహసం అక్కడే ఉంది. అటూ ఇటూ అడుగులు వేస్తూ ఆడడానికి రెండు మీటర్ల పొడవూ రెండు మీటర్ల వెడల్పూ ఖాళీ కావాలి. పెంకుటింటి నడిమి గదిలో మంచం గోడకి నిలబెడితే గానీ అంత చోటు రాదు. ఆట మొదలెట్టే ముందు కంట్రోలర్‌తో నేల మీద గీసిన హద్దు దగ్గరికి రాగానే గేమ్‌లో గళ్ళ గోడ కనిపిస్తుంది, దాటితే గది కనిపిస్తుంది. క్వెస్ట్‌లో అయితే హెడ్‌సెట్ పక్కన రెండుసార్లు తడితే కెమెరాల్లోంచి గది చూడొచ్చు. హద్దు నేల మీద గీస్తాం, పైన గియ్యం, కాబట్టి ఫ్యాను ఆపాలి. కొబ్బరికాయ కొయ్యడానికి అక్క చెయ్యెత్తే దృశ్యం మీ రెండో అధ్యాయంలో ఉంది, ఆ సమయానికి ఫ్యాను తిరుగుతోందని మొదటి పేజీలో రాశారు. దయచేసి అక్కడ దిద్దండి.

కెమెరాలు గదిని చూసి దారి పోల్చుకుంటాయి. వాటికి కష్టమైనవి నాలుగు. అద్దం బీరువా, ఎందుకంటే అద్దంలో ఇంకో గది ఉందనుకుంటాయి. ఏ గుర్తూ లేని సున్నం గోడ. తిన్నగా పడే ఎండ. చీకటి. అద్దం మీద దుప్పటి కప్పాలి, గోడకి క్యాలెండర్లు తగిలిస్తే మేలు. ఎండ గురించి ఇంకో హెచ్చరిక, హెడ్‌సెట్‌ని అరుగు మీద లెన్సులు పైకి పెట్టి వదిలేస్తే భూతద్దం కింద కాగితంలా లోపలి తెర కాలిపోతుంది, ఆ మచ్చ పోదు. అట్టహాసంగా విలన్ వచ్చి హెడ్‌సెట్ పగలగొట్టక్కర్లేదు, పదినిమిషాల ఎండ చాలు. వానాకాలంలో ముఖం వేడికి లెన్సులకి ఆవిరి పడుతుంది, మెత్తటి పొడి బట్టతో తుడవాలి, చొక్కా అంచుతో తుడిస్తే గీతలు పడతాయి.

చీకటి విషయం మీకు బాగా పనికొస్తుంది. కరెంటు పోతే ఏమవుతుంది? హెడ్‌సెట్‌కి సొంత బ్యాటరీ ఉంది, సుమారు రెండు గంటలు వస్తుంది, కాబట్టి గేమ్ ఆగదు. వైఫై పెట్టె ఆరిపోతుంది, కాబట్టి ఆన్‌లైన్‌లో ఉన్న తోటి ఆటగాడు మాయమవుతాడు. గదిలో వెలుతురు పోతుంది, కాబట్టి కెమెరాలు గుడ్డివవుతాయి. తల తిప్పితే లోకం తిరుగుతుంది గానీ అడుగు వేస్తే కదలదు, చేతులు ఎక్కడో తేలిపోతాయి. ఒక్క కరెంటు కోత మూడు రకాలుగా దెబ్బ కొడుతుంది, మూడింటికీ కారణాలు వేరు. గాలివాన పూట డెల్టాలో కరెంటు పోవడం కంటే సహజమైన మలుపు మీకు దొరకదు.

ఇప్పుడు గేమ్‌కి తెలియనివి. డెల్టాలో నీళ్ళకి గడియారం ఉంది, అది మన గడియారం కాదు. రోజుకి రెండు పోట్లు, రెండు పాట్లు. ఒక పోటుకీ ఇంకో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు, అందుకే రోజూ యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు పెద్దది. గేమ్ చేసినవాళ్ళు పోటుని రోజూ ఉదయం ఆరింటికే పెట్టేశారనుకోండి, ఆకాశంలో ఎప్పుడూ పున్నమి చంద్రుణ్ణే వేలాడదీశారనుకోండి. ఉప్పుటేటి పక్కన పెరిగిన పిల్ల రెండో రోజుకే పట్టేస్తుంది: "నిన్న ఆరింటికొస్తే ఇయ్యాల ఏడవ్వాలి కదా." ఈ తప్పు పట్టినందుకు ఆ పిల్లకి లాభం కూడా రావాలి. ఆన్‌లైన్‌లో ఆడేవాళ్ళంతా పోటు కోసం ఎదురుచూస్తుంటే, గేమ్‌లో అది ఎప్పుడొస్తుందో నిమిషంతో సహా ఆమె ముందే చెప్పగలదు.

లాకుల దృశ్యం మీరు రాయలేదు గానీ, ఇంత మంచి పొడుపుకథ ఇంకోటి లేదు. కాటన్ దొర ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టారు, దానితోపాటు వచ్చిన కాలువల్లో పడవలు తిరగడానికి లాకులు పెట్టారు. ఇప్పుడున్న బ్యారేజీ 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం నాలుగు భాగాలకీ కలిపి 175 గేట్లు. లాకు అంటే రెండు తలుపుల మధ్య ఒక తొట్టి. పై కాలువ నీటిమట్టం ఎక్కువ, కింది కాలువది తక్కువ. పిల్లలు మొదట తలుపుని తోస్తారు. అది కదలదు. లెక్క చూడండి: తలుపు 5 మీటర్ల వెడల్పు, ఒక వైపు రెండు మీటర్ల నీళ్ళు, ఇంకో వైపు ఒక మీటరు ఉంటే తలుపు మీద పడే బలం ఏడున్నర టన్నుల బరువుతో సమానం. తలుపులోని చిన్న తూము ఎత్తితే నీళ్ళు నెమ్మదిగా తొట్టిలోకి వస్తాయి. రెండు వైపులా మట్టం సమానం కాగానే ఆ ఏడున్నర టన్నులూ సున్నా అయిపోతాయి, ఒక్క మనిషి పొడుగాటి దూలాన్ని వీపుతో నెడితే తలుపు జరుగుతుంది. అన్ని గేముల్లోలా ఇక్కడ ఏ తాళంచెవీ వెతకక్కర్లేదు, ఓపిక పట్టాలి. మొసలి వెంటపడుతుండగా ఓపిక పట్టడం ఎంత కష్టమో మీరే రాయండి. మొసలి అక్కడ నిజంగా పనికొస్తుంది.

కాలం తప్పకండి. మీ కథ వేసవి సెలవుల్లో మొదలవుతుంది, కాలువ నిండా నీళ్ళున్నాయని రాశారు. రబీ కోతలయ్యాక వేసవిలో కాలువలు కట్టేస్తారు, మరమ్మతులు చేసి జూన్‌లో మళ్ళీ వదులుతారు. మే నెలలో పిల్లలు కాలువ అడుగున క్రికెట్ ఆడతారు. దీన్ని తప్పుగా ఉంచకుండా ఉపయోగించుకోండి: బయట కాలువ ఎండి ఉంది, గేమ్‌లో నిండి ఉంది. పగలు నడిచి చూసిన కాలువ అడుగు, రాత్రి గేమ్‌లో పడవ కింద ఎలా ఉందో అక్కకి తెలుసు. ప్రభల తీర్థం కనుమ నాటిది, జగ్గన్నతోటకి ప్రభలు కౌశిక కాలువ దాటి వచ్చేది జనవరిలో. పులస చేప వరద నీటికి ఎదురెక్కి వచ్చేది వానాకాలంలో. రెండూ ఒకే వారంలో పెడితే ఇక్కడి పిల్లలు పుస్తకం మూసేస్తారు. తుఫానులు అక్టోబరు, నవంబరుల్లో ఎక్కువ, 1996 నవంబరు 6 పేరెత్తితే కోనసీమలో పెద్దవాళ్ళు ఇప్పటికీ కొబ్బరిచెట్లు పడిపోయిన తీరు చెబుతారు.

మడ అడవికి రెండు మాటలు చాలు. కాకినాడ దగ్గర కోరింగ మడల్లో శ్వాస వేర్లు మేకుల్లా నేలలోంచి పైకి పొడుచుకొస్తాయి, నిజంగా నడిస్తే అడుగు అడుగుకీ చూసుకోవాలి. గేమ్ చేసేవాళ్ళు ఒక్కో వేరుకీ తగిలే గుణం పెడితే లెక్క తడిసి మోపెడవుతుంది, అందుకే బొమ్మగా గీసి వదిలేస్తారు, మనిషి వాటి మీదుగా పోతాడు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, గేమ్‌లో అది మామూలు చెట్టు. దూరంగా ఉన్నవి గీయకుండా మంచు కప్పేస్తారు, తమ్ముడు దాన్ని సంక్రాంతి మంచనుకుంటాడు.

భాష కూడా కీలకమే. గేమ్‌లో మనుషుల బొమ్మలు పుస్తకాల తెలుగు మాట్లాడనివ్వండి: "మీరు ఎక్కడికి వెళ్ళుచున్నారు?" ఎప్పుడూ అదే వరస. ఒక రోజు రేవులో ఒక బొమ్మ "ఎక్కడికండీ ఈ వేళప్పుడు?" అంటుంది, అక్క జవాబు చెబితే "ఆయ్" అంటుంది. ఆ ఒక్క "ఆయ్"తో అది యంత్రం కాదు, ఎవరో మనిషి, అదీ మన వైపు మనిషి అని తెలిసిపోతుంది. అయిదో అధ్యాయం ఇక్కడ ఆపండి.

సైన్స్ ఫిక్షన్ అన్నాక ఒక్క ఊహకి చోటుంది. ఒక్కటే. అది పెట్టాక మిగతాదంతా నిజంలా నడవాలి. నా సలహా ఇది: ఆ గేమ్‌లోని గోదావరి నిజం గోదావరితో కలిపి ఉంది, బయట వరద మట్టం పెరిగితే లోపలా పెరుగుతుంది, పోటు వేళలు మాత్రం గేమ్ చేసినవాళ్ళు పెట్టినవే. గేమ్‌లో నేల మాత్రం చాలా ఏళ్ళ కిందటి సర్వే పటం నుంచి చేశారు. అప్పటి ఎత్తుపల్లాలన్నీ అంగుళాలతో సహా అందులో ఉన్నాయి. డెల్టా గురించి తెలిసినవాళ్ళకి దీని బరువు వెంటనే తెలుస్తుంది. లంకలు కోతకి గురవుతాయి, ఏటా కొంత నేల నదిలోకి జారిపోతుంది. గేమ్ లోపల ఉన్న లంక, నది తినేయకముందు లంక.

పక్కన కూర్చునే పెద్దమనిషి ఇప్పుడు వస్తాడు. తాత. హెడ్‌సెట్‌లో కనిపించేదాన్ని ఫోన్ తెర మీదికి పంపించొచ్చు, తాత అది చూస్తూ కూర్చుంటాడు, పిల్లలు మంచానికి తగలకుండా కాపలా. అక్క పడమటి రేవు దాటి, నీళ్ళుండాల్సిన చోట ఒక కొబ్బరి తోటలోకి గెంతుతుంది. తాత మాట్లాడడం మానేస్తాడు. "ఆ మూడో వరసలో వంగిన చెట్టుందా?" అంటాడు. ఉంది. తాత తోట అది, నదిలో కలిసిపోయింది. పిల్లలు హెడ్‌సెట్ ఎందుకు తియ్యరన్న ప్రశ్నకి జవాబు దొరికేసింది, ఎవరూ బంధించక్కర్లేదు.

ఇక బయట అవసరం. లోకాన్ని కాపాడే పని పెట్టకండి, పదేళ్ళవాడికి లోకం బరువు తెలియదు. దూడ బరువు తెలుసు. వరద వస్తోంది, పశువుల్ని ఏటిగట్టు మీదికి తోలారు, ఒక దూడ లంకలో మిగిలిపోయింది. వరద అంకెలు సరిగ్గా వాడండి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలంలో అవే హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. ఇవి కొలబద్ద మీది అంకెలు, నది లోతు కాదు, రెండు ఊళ్ళ అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చకూడదు. చాలామంది ఇక్కడే పొరపడతారు. మొదటి హెచ్చరిక నాటికి దిగువకి వదిలేది పది లక్షల క్యూసెక్కులు, అంటే సెకనుకి 2 కోట్ల 83 లక్షల లీటర్లు. 60,000 లీటర్ల ఊరి ట్యాంకులు సెకనుకి 470 ఖాళీ చేసినట్టు. తమ్ముడితో ఈ లెక్క వేయించండి, వాడు వేసి చెబితేనే చదివే పిల్లలకి అందుతుంది.

దూడ ఎక్కడుంటుంది? ఎక్కడ మెరక ఉంటే అక్కడికి పోతుంది. ఇది పిల్లలకి తెలుసు, గేమ్‌కి తెలియదు. లంకలో ఏది మెరక, ఏది పల్లం, 13.75 దాటాక ఏది ముందు మునుగుతుంది, ఇది గేమ్‌కి అంగుళాలతో తెలుసు. పిల్లల్ని వరదలో పడవెక్కించకండి. నావలో వెళ్ళేది తాతా, నావ నడిపే ఆయనా. అక్క గట్టు మీది ఇంట్లో హెడ్‌సెట్‌తో ఉంటుంది, తమ్ముడి చేతిలో ఫోను. ఎర్ర నీటి కింద మునిగిన కంచె రాటలూ, కొట్టేసిన చెట్ల మొద్దులూ నావలోవాళ్ళకి కనపడవు, అడుగు చీల్చేవి అవే. అక్కకి గేమ్‌లో అవన్నీ నీళ్ళ కింద కనిపిస్తున్నాయి. నావ ఎక్కడుందో తాత ఫోన్ లొకేషన్ చెబుతుంది. ఆరుబయట కూడా ఫోన్ లొకేషన్‌లో సుమారు అయిదు మీటర్ల తేడా ఉంటుంది, నావ వెడల్పు కంటే అది ఎక్కువ. అందుకని అక్క ఊరికే "కుడికి తిప్పు" అంటే చాలదు, "తాతా, ఎదురుగా ఏ చెట్టు కనపడతంది?" అని అడగాలి, ఆ చెట్టు తన పటంలో వెతుక్కోవాలి. పటం పాతది కాబట్టి అందులో ఉన్న చెట్లలో కొన్ని ఇప్పుడు లేవు, ఇప్పుడున్నవాటిలో కొన్ని అందులో లేవు. అక్కడ తాత జ్ఞాపకం, తోట పోయిన సంవత్సరాల వరస, ఏ చెట్టు ఎప్పుడు పడిందన్నది అక్కరకొస్తాయి. ముగ్గురిలో ఏ ఒక్కరికీ పూర్తిగా తెలియదు, ముగ్గురూ మాట్లాడుకుంటేనే దారి దొరుకుతుంది. ఈ అధ్యాయం దాదాపు మొత్తం సంభాషణగా రాయండి, వర్ణన తగ్గించండి.

గడియారాలు మూడు పెట్టుకోండి: బ్యాటరీ, వెలుతురు, నీటిమట్టం. మొదలెట్టేసరికి బ్యాటరీ 40 శాతం, అంటే ముప్పావుగంటో యాభై నిమిషాలో. పవర్ బ్యాంక్ తగిలించొచ్చు కదా అని తెలిసిన పిల్లలు అడుగుతారు, కాబట్టి దాన్ని ముందే తాత ఫోనుకి ఇచ్చేసినట్టు మొదట్లోనే చూపించండి. కరెంటు పోయింది, వైఫై లేదు, మొబైల్ టవరు బ్యాటరీ మీద ఇంకా పనిచేస్తోంది కాబట్టి నది మట్టం అంకె ఫోన్ హాట్‌స్పాట్ మీదుగా గేమ్‌లోకి వస్తోంది. సాయంకాలం చీకటి పడుతోంది, గదిలో వెలుతురు తగ్గేకొద్దీ కెమెరాలు తడబడతాయి, నీళ్ళ కింద రాటలు ఉన్నచోటు నుంచి జరిగినట్టు కనిపిస్తాయి. లాంతరు చాలదు. ఒక చోట పెట్టిన టార్చి అయితే గోడ మీద ఒక గుండ్రం తప్ప మిగతా గదంతా చీకటే. టార్చిని సున్నం వేసిన పైకప్పు వైపు తిప్పితే వెలుతురు గది అంతా పరుచుకుంటుంది. పెంకుటింటికి కప్పు నల్లగా ఉంటుంది కాబట్టి తెల్ల పంచె ఒకటి దండేనికి కట్టి దాని మీద వెయ్యాలి. ఆ ఉపాయం తమ్ముడికి తట్టనివ్వండి, ఇంతసేపూ అక్కే ఆడుతోందని వాడు అలిగి కూర్చున్నాడు కదా. పంచె మీద టార్చి వేసి, చెయ్యి నొప్పెట్టినా కదపకుండా పట్టుకుని నిలబడేది వాడే, అక్క కళ్ళ ముందు రాటలు మళ్ళీ ఉన్నచోటికి వచ్చి నిలుస్తాయి.